కోదాడ హోటల్లో పెరుగన్నం

షట్టర్ సగం దాకా దిగి ఆగిన చప్పుడు విన్నప్పుడు నా చేతిలో ఫోర్కు, దానికి చుట్టుకున్న సేమ్యాలాంటి పొడుగాటి పిండి దారాలు ఉన్నాయి. అవి నోటి దాకా చేరనేలేదు. నేపుల్స్‌లో ఓడరేవుకు ఎగువనున్న ఒక సందులో, మధ్యాహ్నం పూట, భర్తా ఇద్దరు పిల్లలతో కూర్చుని హాయిగా భోంచేస్తున్నాను. బయట ఏదో లారీ కీచుమని ఆగింది. సరిగ్గా అప్పుడే హోటల్ యజమాని చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఇనుప షట్టర్ పట్టుకుని నడుము ఎత్తు దాకా లాగాడు. లోపల చీకటి పడింది. అంతే, ఇంకేమీ జరగలేదు. కానీ నేను బాబును చంకన వేసుకుని, పాప మణికట్టు పట్టుకుని, షట్టర్ కింద నుంచి వంగి బయటపడి సందు చివరిదాకా పరుగెత్తాను. పాప దారి పొడుగునా "నా వంకాయ! నా వంకాయ!" అని ఏడుస్తూనే ఉంది.

మా ఆయన కాసేపటికి వచ్చారు, చేతిలో కాగితం పొట్లంతో. అందులో పాప వదిలేసిన వంకాయ ముక్కలున్నాయి. ముందు పొట్లం పాప చేతిలో పెట్టి, తర్వాత మెల్లగా చెప్పారు. "మూడైతే రోజూ అట్లనే దించుతరట. కొత్తోళ్ళు లోపలికి రాకుండ. లోపలున్నోళ్ళు ఎంతసేపైనా కూసోని తినొచ్చు. ఇగ హోటలోళ్ళు గూడ మనతోటే తింటరట." సగం సైగలతో, సగం ఇంగ్లీషుతో తెలుసుకున్నారట ఆ సంగతి. తర్వాత నవ్వు ఆపుకోలేక అన్నారు, "నిన్ను చూసి ఆయన పరేషాన్ అయిండు. కూరల ఏమన్న పడ్డదా అని నీ ప్లేటు వాసన సూసుకున్నడు."

నేనూ నవ్వాను. కానీ రాత్రి పక్క మీద పడుకోబెట్టినప్పుడు పాప నా గడ్డం పట్టుకుని "అమ్మా, మనమెందుకు ఉరికినం?" అని అడిగింది. రేపు పొద్దున చెప్తానన్నాను. బాబేమో, మెట్ల మీద ఎవరో తలుపు వేసిన చప్పుడుకు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఇవాళ మధ్యాహ్నం దాకా వాడికి ఏ చప్పుడన్నా భయం లేదు. అది చూశాక నాకు నిద్ర రాలేదు. ముగ్గురూ నిద్రపోయారు. చిన్న బల్ల దగ్గర దీపం పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మా ఆయన వైద్యంలో పై చదువు కోసం ఇంగ్లండు వెళ్ళినప్పుడు మేమూ వెనకే వెళ్ళాం. చదువు పూర్తయింది. ఇక్కడ ఓడ ఎక్కితే బొంబాయిలో దిగుతాం. ఓడ వచ్చేలోపు నాలుగు రోజులున్నాయి. "ఇన్నాళ్ళు ఉడకబెట్టిన ఆలుగడ్డలు తిన్నం. ఈ నాలుగు దినాలన్న మంచిగ తిందాం" అని ఆయన ముందే తీర్మానించారు. నిజంగానే తింటున్నాం. ఇక్కడ టమాటాలు ఎండ వాసన వేస్తాయి. రొట్టె మీద ఆ టమాటాల గుజ్జు రాసి, కట్టెల పొయ్యిలో కాల్చి, పైన ఒక ఆకు వేసి ఇస్తారు. మొదటి రోజు ఆ ఆకు వాసనకు ఉలిక్కిపడ్డాను. అచ్చం తులసి. తులసిని రొట్టె మీద వేసుకుని తింటారంటే మా అమ్మ ముక్కు మీద వేలేసుకుంటుంది. పొద్దున్నే కూరగాయల బండి సందులోకి రాగానే, మేడల మీది ఆడవాళ్ళు కిటికీల్లోంచి అరుస్తూ బేరమాడి, తాడు కట్టిన బుట్టను కిందికి దించుతారు. బండివాడు వంకాయలు వేస్తాడు. పైనుంచి ఆమె ఒకటి చూసి, పుచ్చుందని తిరిగి బుట్టలో దించుతుంది. భాష తెలియకపోయినా ఆ తగవులో ప్రతి మాటా నాకు అర్థమైంది. సూర్యాపేటలో మా గడపలో నిలబడి అమ్మ చేసిన బేరాలే అవి.

ఆ ఇల్లు ఇప్పుడు కళ్ళ ముందుకొస్తోంది. నాన్న బడిపంతులు. ఆయనది జగ్గయ్యపేట, నిజాం సర్కారు సరిహద్దుకు అవతల. ఉద్యోగం, పెళ్ళి రెండూ ఆయన్ని ఇటు తెచ్చాయి. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టె చరిచే చప్పుడుతో ఇల్లు నిద్రలేచేది. పొయ్యిలో తుమ్మ కట్టెల పొగ, పెనం మీద రొట్టె మాడిన అంచు వాసన, రోట్లో నూరుతున్న తొక్కు ఘాటు, ఇవన్నీ కలిసి మా దుప్పట్లలోకి దూరేవి. నాన్న గడపలో కూర్చుని వేడి చాయ్ సాసర్లో పోసుకుని ఊదుతూ తాగేవారు. అమ్మకు ఒక నియమం ఉండేది. నోట్లో బుక్క ఉండగా ఎవరూ మాట్లాడకూడదు. ఎంత ముఖ్యమైన మాటైనా నమిలి మింగి, నీళ్ళు తాగి చెప్పాలి. నాన్న కూడా. ఒకసారి ఆయన నోట్లో బుక్కతోనే "తేలు, తేలు" అన్నా అమ్మ కోపంగా చూసిందట. ఆ కథ మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

సాయంత్రాలు నాన్న పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. అందరూ గోలగా అక్షరాలు దిద్దేవాళ్ళు, తర్వాత తలుపు దగ్గరగా వేసి మెల్లగా ఏవో మాట్లాడుకునేవాళ్ళు. ఆ మాటలు ఏమిటో నాకప్పుడు తెలియదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మాకు రాలేదు అన్నది మాత్రం పిల్లలకు కూడా తెలుసు. ఊళ్ళోకి తుపాకులవాళ్ళతో లారీలు రావడం మొదలైంది. లారీ చప్పుడు వినగానే బజారులో దుకాణాలవాళ్ళు తలుపు చెక్కలు సగం పెట్టి, మిగతా సగం పెట్టాలా వద్దా అని తొంగి చూసేవాళ్ళు. ఆ సగం మూసిన దుకాణాల మధ్యనుంచే నేను బడికి పోయి వచ్చేదాన్ని.

ఒకరోజు తెల్లారేసరికి నాన్న లేరు. ఎవరో ఆయన పేరు అడుగుతున్నారని తెలిసి చీకట్లోనే జగ్గయ్యపేట వెళ్ళిపోయారు. ఆ మర్నాడు ఇద్దరు వచ్చి గడపలో నిలబడ్డారు. "మీ పంతులు ఏడికి పోయిండు?" అన్నాడు ఒకడు. తెలియదని అమ్మ చెప్పింది. "నిన్నూ పోరగాండ్లనూ తీస్కపోతే ఆయనే వస్తడు తియ్యి" అని రెండోవాడు నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నందుకే అమ్మకు ఎక్కువ భయమేసిందని తర్వాత చెప్పింది. మమ్మల్ని పట్టుకుంటే నాన్న తప్పకుండా తిరిగి వస్తారు. వస్తే ఏమవుతుందో అమ్మకు తెలుసు. అందుకని పారిపోతున్నట్టు ఎవరికీ కనిపించకుండా పారిపోవాలి.

దండెం మీద ఉతికిన చీర అట్లాగే ఆరేసి, పొయ్యిలో బూడిద ఎత్తకుండా, తొక్కు జాడీ మీద మూత మాత్రం గట్టిగా బిగించి, తల్లిగారింటికి పోయొస్తానని పక్కింటామెకు చెప్పి నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని బయల్దేరింది. కోదాడ దారిలో బస్సులు ఆపి చూస్తున్నారు, సూర్యాపేటవాళ్ళను గుర్తుపడతారు. అందుకే ముందు మిర్యాలగూడకు, అమ్మమ్మ దగ్గరికి. అమ్మమ్మ ఇల్లంతా గానుగ నూనె వాసన. సంగతి విని ఆమె ఏడవలేదు. చాటలో బియ్యం పోసి పసుపు కలపడం మొదలుపెట్టింది. "ఒడిబియ్యం పోస్త. ఒడిబియ్యంతోటి అత్తగారింటికి పోయే ఆడిబిడ్డను ఎవ్వడాపుతడో సూస్త" అంది. పెళ్ళయిన కూతురి కొంగులో తల్లి పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక బట్ట పోసి పంపడం మా వైపు ఆచారం. ఆ మూటను అత్తగారింట్లో దేవుడి ముందే విప్పాలి. దారిలో విప్పకూడదు.

అమ్మమ్మ కూడా మాతో బయల్దేరింది. ఎడ్లబండిలో పాలకీడు, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు. నా మటుకు అది పండగ ప్రయాణం. పాలకీడులో అమ్మమ్మ చుట్టాలింట్లో నాటుకోడి కూర, పచ్చిపులుసు పెట్టారు. దారిలో తినడానికి సర్వపిండి, బెల్లం కలిపి నలిపిన రొట్టె ముద్దలు మూటగట్టి ఇచ్చారు. ఎక్కడ ఆగినా అమ్మ "తినుండ్రి, కడుపునిండ తినుండ్రి" అనేది, తాను మాత్రం నీళ్ళు తాగి ఊరుకునేది. రెండో రోజు పొద్దున ముద్దలు అయిపోయాయి. మూడేళ్ళ తమ్ముడు ఆకలని ఏడుపు లంకించుకున్నాడు. అమ్మ బండి దిగి వాగు దగ్గర ముఖం కడుక్కుని వచ్చేసరికి, అమ్మమ్మ ఒడిబియ్యం మూట విప్పి, కుడుక ఒకటి వాడి చేతిలో పెట్టి మళ్ళీ ముడి వేస్తోంది.

"అమ్మా! మూట ఇప్పినవా?" అమ్మ ముఖం పాలిపోయింది.

"పోరడు ఏడుస్తుండు."

"అత్తగారింటికి పోకముందే ఇప్పితే ఎట్లనే? ఆయనకేమన్న అయితే?"

"ఆకలైన పోరనికి కుడుక పెడితే దేవుడు కోపానికొస్తడా? వస్తే నా మీదికే రమ్మను. నేను సూసుకుంట."

అమ్మ కోదాడ వచ్చేదాకా అమ్మమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు.

కోదాడలో బండి తోలే అతను ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి ఆగితే, సీతయ్య అనే ఆయన హోటల్లో భోజనానికి కూర్చున్నాం. మట్టిగోడల పూరిపాక హోటల్. పొయ్యి పొగకు దూలాలు నల్లగా మెరుస్తున్నాయి. మోదుగాకు విస్తర్లు, వేడి అన్నం పడగానే ఆ ఆకులోంచి వచ్చే పచ్చి వాసన. ముద్దపప్పు, గోంగూర, నెయ్యి. సీతయ్య మాటలో అప్పటికే అవతలి యాస వినపడుతోంది. "మొహమాటపడకండమ్మా, పిల్లలకు ఇంకాస్త వేయించుకోండి" అంటూ తిరుగుతున్నాడు. ఇంకో అయిదారుగురు తింటున్నారు, చాలామంది మాలాగే సరిహద్దు దాటవలసినవాళ్ళేనని ఇప్పుడనుకుంటాను. ఇంకొక్క పూట ప్రయాణం, ఆ తర్వాత నాన్న.

అప్పుడు లారీ ఆగిన చప్పుడు. సీతయ్య ఒక్క గెంతులో గుమ్మం దగ్గరికి పోయి తలుపు చెక్కలు సగం పెట్టాడు. లోపల చీకటైంది. తింటున్నవాళ్ళందరూ ఎంగిలి చేతులతో లేచి పెరటి తడిక తోసుకుని పొలాల్లోకి పరుగెత్తారు. ఒకాయన నా విస్తరి తొక్కుకుంటూ పోయాడు. సీతయ్య కూడా పొయ్యి వెనక్కి వెళ్ళిపోయాడు. నేను లేవబోయాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి అదిమింది.

"కూసో. పెరుగన్నం తినకుండ లేస్తరా ఎవలన్న?" తర్వాత పొయ్యి వైపు తిరిగి, బజార్లో బేరమాడే గొంతుతో పిలిచింది. "ఓ సీతయ్యా! పెరుగు తెస్తవా, లేదా?"

చెక్కల సందులోంచి ఒకతను లోపలికి వచ్చాడు. భుజాన తుపాకి. బోర్లాపడ్డ చెంబులనూ, వదిలేసిన విస్తర్లనూ చూశాడు. ఆ ఖాళీ మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న మా నలుగురినీ చూశాడు.

"అందరు ఉరికిండ్రు. మీరెందుకు ఉరకలే?"

"అన్నం కాడికెల్లి ఎందుకు లేస్తమన్నా?" అంది అమ్మ.

"ఎక్కడికెల్లి వస్తున్నరు?"

"మిర్యాలగూడకెల్లి. అత్తగారింటికి పోతున్న, జగ్గయ్యపేట."

"మూటల ఏముంది?"

"ఒడిబియ్యం."

"ఈ మధ్య కోదాడ దాటే ప్రతి మూట ఒడిబియ్యమే. బియ్యం అవతలికి పోనియ్యొద్దని హుకుం ఉన్నది. ఇప్పు."

"అత్తగారింట్ల దేవునికాడ ఇప్పేదాన్ని హోటల్ల ఇప్పమంటవా? నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

అతను వంగి మూట ముడిని వేలితో కదిపాడు. అతని ముఖం మారింది. "ఇది ఒకపారి ఇప్పి మళ్ళ కట్టిన ముడి. దారిల ఏం బెట్టినవ్ ఇండ్ల?"

అప్పుడు అమ్మమ్మ నోరు తెరిచింది. "నేనే ఇప్పిన బిడ్డా. పోరడు ఆకలని ఏడిస్తె కుడుక తీసిచ్చిన. పొద్దుగాల్నుంచి నా బిడ్డ నాతోటి మాట్లాడుతలేదు. నువ్వన్న జెప్పు జర, గది అంత పెద్ద తప్పా?"

అతను తమ్ముడి వైపు చూశాడు. వాడు కుడి చేత్తో పప్పన్నం తింటున్నా, ఎడమ చేతిలో కుడుకను మాత్రం వదల్లేదు. అంచులన్నీ ఎలుక కొరికినట్టు కొరికి ఉంది, మిగిలిన చోట పసుపు అంటి ఉంది. అతను దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తమ్ముడు కెవ్వుమన్నాడు. వెంటనే తిరిగి ఇచ్చేశాడు.

"పసుపు గలిపిన బియ్యం ఎవడు కొంటడు?" అంది అమ్మమ్మ. "నువ్వు కొంటవా? కొంటనంటె ఇప్పుడే ఇప్పుత."

అతను నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు పాపా. మీ నాయిన పేరేంది? ఏం పని జేస్తడు?"

నాకు అబద్ధం చెప్పడం ఎవరూ నేర్పలేదు. నాన్న పేరు గొంతు దాకా వచ్చింది. అప్పుడే అమ్మ చేతిలోని పెద్ద ముద్ద నా నోట్లోకి వచ్చిపడింది. ఊపిరాడనంత ముద్ద. "నోట్ల బుక్క ఉన్నప్పుడు మాట్లాడకు" అంది అమ్మ, ఇంట్లో రోజూ అనే గొంతుతోనే. నేను నమిలాను. అతను ఎదురుచూశాడు. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, గోంగూర కారం వల్ల అనుకున్నాడేమో. నమలడం అయిపోకముందే ఇంకో ముద్ద వచ్చింది. అతను పెదవి కొరుక్కుని, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"మా అమ్మ గూడ గిట్లనే" అన్నాడు. తర్వాత పొయ్యి వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "ఏయ్ సీతయ్యా! వాళ్ళకు పెరుగు పొయ్యి. ఎంతసేపాయె అడిగి!"

సీతయ్య పెరుగు తెచ్చి పోశాడు. మా విస్తర్లలోకి పోసిందెంతో నేల మీద ఒలికిందీ అంతే. లారీ వెళ్ళిపోయాక చెక్కలు తీశాడు. పొలాల్లోకి ఉరికినవాళ్ళలో కొందరిని పట్టుకుని లారీ ఎక్కించారని తర్వాత విన్నాం. వాళ్ళేమయ్యారో మాకు తెలియలేదు. ఆ విస్తర్లు చాలాసేపు అట్లాగే ఉన్నాయి.

చీకటి పడేలోపు సరిహద్దు దాటాం. జగ్గయ్యపేటలో నాన్న మమ్మల్ని చూసి చెంబుతో నీళ్ళు తెచ్చి మా కాళ్ళ మీద పోస్తూ నిలబడ్డారు. నానమ్మకు ఒడిబియ్యం సంగతి అంతగా తెలియదు. "పసుపు బియ్యం వండుకుంటారా ఎవరైనా" అంది. అమ్మ ఆ బియ్యంతోనే పరమాన్నం వండి, మొదటి గిన్నె తీసుకెళ్ళి అమ్మమ్మ ముందు పెట్టింది. "తిను. పొద్దున నేను ఊకెనే అన్న" అంది. అమ్మమ్మ నోట్లో బుక్క ఉండటం వల్ల జవాబు చెప్పలేదు.

చాలా ఏళ్ళ పాటు మా అమ్మ అంత ధైర్యవంతురాలు లోకంలో లేదనుకున్నాను. డిగ్రీ చదువుతున్నప్పుడు హాస్టల్లో స్నేహితురాళ్ళకు ఈ కథ చెప్పి, అటువంటి తల్లికి పుట్టానని గొప్పపడేదాన్ని. నా పెళ్ళయ్యాక అమ్మ మొదటిసారి నా కొంగులో ఒడిబియ్యం పోస్తున్నప్పుడు అడిగాను, "అంత ధైర్యం ఎట్లొచ్చింది నీకు?" అని. అమ్మ బియ్యం పోయడం ఆపకుండానే చెప్పింది. "ధైర్యమెక్కడిది బిడ్డా. నా కాళ్ళు లేవలే. నడుము కిందికెల్లి ఏం లేనట్టె అయింది. ఎట్లా లేవలేను గదా అని పెరుగు అడిగిన."

అప్పుడు నాకు కొంచెం నిరాశ కలిగింది. ఇవాళ రాత్రి మాత్రం ఆ మాట నా పక్కన వచ్చి కూర్చున్నట్టుంది. ఆ రోజు అమ్మ వయసు ఇప్పటి నా వయసు కన్నా తక్కువ. ఆమెది పెద్ద చదువు కాదు. ఆమె ముందున్న లారీ నిజం, తుపాకి నిజం. నా ముందున్నది మధ్యాహ్నం మాతో కలిసి అన్నం తినబోతున్న ఒక హోటలాయన. ఆమెకు కాళ్ళు లేవలేదు. నాకు కాళ్ళు ఆగలేదు. రెండూ ఒకటే భయం. తేడా అల్లా, మా అమ్మ భయపడిందని నాకు అప్పుడు తెలియలేదు. తెలియకుండా కడుపునిండా తిన్నాను. ఇవాళ నా పిల్లలకు తెలిసిపోయింది. పాస్‌పోర్టులు చూసే ప్రతి చోటా నేను పిల్లల నోట్లో బిస్కెట్ పెడతానని మా ఆయన ఆటపట్టిస్తారు. ఎందుకో నాకే తెలియదనుకునేదాన్ని. తెలుసు. అప్పటి భయం ఒక పసుపు ముడిలా నా దగ్గర ఇంకా విప్పకుండానే ఉంది. సముద్రం దిక్కు కిటికీలో వెలుతురు వస్తోంది. కింద సందులో మొదటి కూరగాయల బండి అరుపు వినిపిస్తోంది.

తర్వాత జరిగింది కూడా రాసేస్తాను. పిల్లలు లేవగానే ఇద్దరినీ పక్క మీద కూర్చోబెట్టుకుని చెప్పాను. "నిన్న మనల్ని ఎవ్వరూ తరమలేదు. అమ్మకు భయమైంది, అంతే. నేను నీ అంత ఉన్నప్పుడు మీ అమ్మమ్మకు గూడ ఒకసారి గట్లనే భయమైంది. అప్పుడామె లేవకుండ కూసోని పెరుగు అడిగింది. మనం ఇయ్యాల మళ్ళ ఆ హోటల్‌కే పోదాం. ఆయన షట్టర్ దించినా నేను లేవను. మీరు నిమ్మలంగ తినుండ్రి."

బాబు దుప్పట్లోంచి తల బయటికి పెట్టాడు. పాప నా గడ్డం పట్టుకుంది. "ఆ హోటల్ల పెరుగు ఉంటదా అమ్మా?"

"ఉండదు" అన్నాను. "అయినా అడుగుదాం."